నాన్నగారి ఆర్మీ రోజులు, రేడియో రోజులు పుస్తకంగా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారు నాలుగు నెలల క్రితం పోయారు. 1963 నుంచి 1978 దాకా ఆర్మీలో వైర్లెస్, టెలిఫోన్ పనులు చూసే సిగ్నల్స్‌లో చేశారు, తర్వాత హైదరాబాద్ రేడియోలో అనౌన్సరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేసి బంధువులకు, స్నేహితులకు ఇవ్వాలని మీ అన్నదమ్ముల ఆలోచన. ట్రంకు పెట్టెలో నాలుగు మెడల్స్, కొన్ని కాగితాలు, ఏడు స్పూల్ టేపులు (రీళ్ల టేపులు), ఓ పాతిక క్యాసెట్లు ఉన్నాయి. ఆర్మీ గురించి ఆయన ఇంట్లో నోరు విప్పింది లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, టేపులు ఇంట్లోనే వేసి వినొచ్చా అన్నారు.

సూటిగా చెప్తాను. పెట్టె మూసి పక్కన పెట్టండి. ముందు అమ్మగారి దగ్గర కూర్చోండి, ఆ వెంటనే నాన్నగారితో పనిచేసినవాళ్లలో ఇంకా ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. కాగితాలు మూడు నెలలు ఆగినా ఏమీ కాదు. టేపులు మాత్రం ఇంట్లో వేయకండి, ఒక్కటి కూడా. ఎందుకో కింద వివరంగా రాశాను.

నేను రేడియోలో 31 ఏళ్లు చేసి 2014లో రిటైరయ్యాను, చాలాకాలం డ్యూటీ రూములో, చివరి ఏళ్లు టేపు లైబ్రరీలో. అప్పట్నుంచి ఇలాంటి కుటుంబాలకు తోచిన సాయం చేస్తున్నాను. మా నాన్న కూడా సిగ్నల్స్‌లో హవల్దారు, 1976లో బయటికొచ్చి రేడియోలో టెక్నీషియన్‌గా చేరారు. అందుకని మీ ప్రశ్న చదవగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మనుషులు ముందు అని ఎందుకంటున్నానంటే, 1963లో ఇరవై ఏళ్లకు చేరినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. కాగితంలో ఉన్నది రేపూ ఉంటుంది. వాళ్ల జ్ఞాపకం సంగతి అలా కాదు, ఒక్క జ్వరం చాలు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ఆరు నెలలు ఫోటోలు స్కాన్ చేస్తూ కూర్చుంది. ఆ ఫోటోల్లో ఉన్నదెవరో చెప్పగలిగిన పెద్దాయన మల్కాజిగిరిలో, వాళ్లింటికి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉండేవారు. వీళ్లు వెళ్లేసరికి ఆయన మాట పడిపోయింది. ఫోటో చేతిలో పెట్టుకొని ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టి చూపిస్తున్నారట, పేరు మాత్రం బయటికి రావడం లేదు.

అమ్మగారిని అడిగేటప్పుడు "నాన్న ఎలా ఉండేవారమ్మా" అని మొదలుపెట్టకండి. "చాలా మంచివారు, డిసిప్లిన్ ఎక్కువ" అని రెండు ముక్కలు చెప్పి కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. చేతికి తగిలే ప్రశ్నలు అడగండి. పొద్దున డ్యూటీ ఉన్నరోజు ఎన్నింటికి లేచేవారు? ఆఫీసు వ్యాను వీధి చివరికి వచ్చేదా, గుమ్మం దాకా వచ్చేదా? నువ్వూ లేచి కాఫీ పెట్టేదానివా? టిఫిను డబ్బాలో ఏం పెట్టేదానివి? రాత్రి డ్యూటీ అయి వచ్చాక ఏం తినేవారు? గొంతు పోకుండా ఏం జాగ్రత్త తీసుకునేవారు, పెరుగు మానేసేవారా? ఆర్మీ నుంచి సెలవులో వచ్చినప్పుడు స్టేషన్‌కు ఎవరు వెళ్లేవారు, ఏం తెచ్చేవారు? ఇలా అడిగితే ఆవిడే ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోతారు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి ఆవిడ ముందున్న బల్లమీద మడత తువ్వాలు మీద పెట్టండి. సీలింగ్ ఫ్యాను ఆపేయండి, కుక్కర్ పెట్టకండి. ఒక పూట నలభై నిమిషాలు దాటొద్దు. తారీకు తప్పు చెప్పినా అప్పుడు దిద్దొద్దు. దిద్దడం మొదలుపెడితే ఆవిడ పరీక్ష రాస్తున్నట్టు భయం భయంగా మాట్లాడతారు. తారీకులు కాగితాల్లో దొరుకుతాయి.

ఆర్మీ గురించి ఇంట్లో మాట్లాడకపోవడం మీ నాన్నగారి ఒక్కరి సంగతి కాదు. మా నాన్న కూడా అంతే. ఆయన చెప్పిన ఆర్మీ ముచ్చట ఒకే ఒక్కటి, బ్యారక్‌లో ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు వినేవాళ్లమని. పన్యాల రంగనాథరావు గారి గొంతో, కందుకూరి సూర్యనారాయణ గారి గొంతో వినపడితే తెలుగువాళ్లు ఏడెనిమిది మంది ఎక్కడున్నా ట్రాన్సిస్టర్ చుట్టూ చేరేవాళ్లట. వార్తల కోసం కాదమ్మా, తెలుగు వినపడుతుందని, అనేవారు. ఇదొక్కటి చెప్పి ఊరుకునేవారు.

2009లో నాన్న పోయినప్పుడు పెద్దకర్మ కార్డు మీద మా తమ్ముడు "1971 యుద్ధంలో వీరోచితంగా పోరాడిన" అని వేయించాడు. నేనూ సరే అన్నాను. ఆ రోజు ఏలూరు వైపు నుంచి ఒక రిటైర్డ్ సుబేదారు గారు వచ్చారు, నాన్నతో పదేళ్లు కలిసి చేసినాయన. భోజనాలయ్యాక కార్డు చేతిలో పట్టుకొని నన్ను పక్కకు పిలిచారు. "మీ నాన్న తుపాకీ పేల్చలేదమ్మా. ఆ డిసెంబరులో మేమిద్దరం పంజాబ్‌లో వెనకవైపు ఒక సిగ్నల్ సెంటర్‌లో ఉన్నాం. రాత్రి డ్యూటీ ఆయనది. ముందు నుంచి పోయినవాళ్ల లిస్టు వచ్చేది, నంబరు, ర్యాంకు, పేరు, ఊరు. లైన్ బాగుండేది కాదు. అక్షరం అక్షరం అడిగి రాసుకునేవాడు. అవతలివాడు విసుక్కున్నా మళ్లీ అడిగేవాడు. పేరులో ఒక్క అక్షరం తప్పు పోతే ఇంకో తల్లికి టెలిగ్రాం వెళుతుందిరా అనేవాడు" అన్నారు.

నాకు అక్కడే కూలబడాలనిపించింది. ఎందుకంటే రేడియోలో మా నాన్నకు ఒక అలవాటు ఉండేది. టేపు డబ్బా మీద చీటీలో కళాకారుల పేర్లు రాసేటప్పుడు వాళ్లనే పిలిచి అక్షరాలు అడిగేవారు, ఇంటిపేరుతో సహా. నేను కొత్తగా చేరినప్పుడు ఆ చాదస్తానికి సిగ్గుపడేదాన్ని కూడా. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన పోయిన పదమూడో రోజున తెలిసింది. కార్డు మీద వేసిన మాట కంటే ఆ సుబేదారు గారు చెప్పింది ఎంత పెద్దదో మీరే చూడండి.

కాబట్టి నా రెండో మాట. సైన్యం ఒక అధ్యాయం, రేడియో ఒక అధ్యాయం అని ముందే రెండు ముక్కలు చేసుకోకండి. ఇద్దరు నాన్నలు లేరు. సిగ్నల్స్‌లో పదిహేనేళ్లు చెవి పెట్టి విన్న మనిషి మైకు ముందుకొచ్చాడు. అక్కడ నేర్చుకున్నది ఏది ఇక్కడికి వచ్చిందో వెతకండి. గడియారం విషయంలో ఎలా ఉండేవారు, పాల కార్డు మీద టైము ఆర్మీ పద్ధతిలో 1840 (సాయంత్రం 6.40) అని రాసేవారా, ఫోన్లో పేరులో అక్షరాలు చెప్పాల్సి వస్తే ఏ, బీ, సీ బదులు ఆల్ఫా, బ్రావో, చార్లీ అనేవారా, స్టూడియోకు ఎంత ముందు చేరేవారు. రేడియోలో క్యూ షీటు (ఏ కార్యక్రమం ఎప్పుడో రాసిన కాగితం) కూడా నిమిషాలు, సెకన్లతోనే నడుస్తుంది. ఆలస్యం అంటే రెండుచోట్లా ఒకటే అర్థం. ఇవి చెప్పగలిగింది ఆయనతో షిఫ్టు చేసినవాళ్లే.

ఇక కాగితాలు. పెట్టెలో మొదట వెతకాల్సింది డిశ్చార్జ్ బుక్. చిన్న పుస్తకంలా ఉంటుంది. ఆర్మీ నంబరు, ట్రేడు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, కారణం, వచ్చిన పతకాలు, క్యారెక్టర్ అని ఉన్నచోట "ఎగ్జెంప్లరీ" అనో "వెరీ గుడ్" అనో ఉంటాయి. గుర్తింపు మచ్చల దగ్గర కూడా ఆగండి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ అక్కడ రాసిన "ఎడమ కనుబొమ్మ పైన గాటు" అన్న ముక్క చదివి, ఆ గాటు చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డప్పటిదని వాళ్ల మేనత్త చెప్పిన కథంతా గుర్తు చేసుకుంది. పుస్తకంలో అదే మొదటి పేజీ అయింది.

డిశ్చార్జ్ బుక్ లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. ఇక్కడ మన ఊళ్లో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆర్మీ అనగానే సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు తిరుమలగిరి వెళ్తారు. సికింద్రాబాద్‌లో ఉన్నవి ఈఎంఈ (మరమ్మతుల విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) రికార్డ్స్. సిగ్నల్స్ వాళ్ల రికార్డ్స్ జబల్‌పూర్‌లో ఉంటాయి. ఫిరంగి దళం వాళ్లవైతే నాసిక్ రోడ్. అంటే కోర్‌ను, అదే సైనిక విభాగాన్ని, బట్టి ఊరు మారుతుంది, మనం ఉన్న ఊరిని బట్టి కాదు. పైగా ఇది జవాన్లు, జేసీఓల (సుబేదారు లాంటివాళ్ల) సంగతి. నంబరు ముందు ఐసీ అనో ఈసీ అనో ఎస్ఎస్ అనో ఉంటే ఆఫీసరు, వాళ్లవి ఢిల్లీలో చూస్తారు. దరఖాస్తులో నంబరు, ర్యాంకు, పూర్తి పేరు, చేరిన, విడుదలైన తేదీలు, మరణ ధ్రువపత్రం కాపీ, మీరు కొడుకని చూపే కాగితం పెట్టండి, వీలైతే అమ్మగారి సంతకంతోనే పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే దరఖాస్తు తప్పుల్లేకుండా వెళుతుంది.

ఒక సంగతి తెలిసి ఉండాలి. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేసే నిబంధన ఉంది, పెన్షన్ ఉన్నవాళ్లవి అంతకంటే ఎక్కువకాలం ఉంచుతారు. మీ నాన్నగారివి పదిహేనేళ్లు నిండాయి కాబట్టి పెన్షన్ వచ్చే ఉంటుంది, ఆశ పెట్టుకోవచ్చు. లేవని జవాబు వచ్చినా అక్కడితో ఆగొద్దు. ఆర్మీ నుంచి రేడియోకు వచ్చినవాళ్ల సివిల్ సర్వీస్ బుక్‌లో ముందు పేజీల్లో సైనిక సర్వీసు వివరాలు ఎక్కించి ఉంటాయి. ముఖ్యంగా ఆర్మీ సర్వీసును సివిల్ పెన్షన్‌కు కలుపుకుంటామని రాసిచ్చినవాళ్లకు, అది 1972 పెన్షన్ రూల్స్‌లో 19వ రూలు, రికార్డ్స్ నుంచి ధ్రువీకరణ తెప్పించి ఆ బుక్‌లో పెట్టేవారు. ఒక కుటుంబానికి రికార్డ్స్‌లో దొరకని తేదీలన్నీ ఇలాగే దొరికాయి.

పుస్తకంతో సంబంధం లేకపోయినా ఒకటి అడగాలి. అమ్మగారికి ఇప్పుడు ఎన్ని ఫ్యామిలీ పెన్షన్లు వస్తున్నాయి? ఆర్మీ పెన్షన్, సివిల్ పెన్షన్ రెండూ తీసుకున్న మనిషి పోతే భార్యకు రెండు ఫ్యామిలీ పెన్షన్లు ఇచ్చే వీలు 2012 సెప్టెంబరు 24 నుంచి ఉంది. ఒక్కటే వస్తుందనుకొని ఊరుకున్న తల్లులను నేను ముగ్గురిని చూశాను. రెండు పీపీఓలూ (పెన్షన్ మంజూరు పత్రాలు) బయటికి తీసి, పై రూలు కింద సర్వీసు కలుపుకున్నారా లేదా చూసి, సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఈ వారమే అడగండి. పుస్తకం ఆగినా పర్వాలేదు.

మెడల్స్. దయచేసి చింతపండు పెట్టో పీతాంబరి పెట్టో తోమకండి. అంచు చుట్టూ సన్నగా చెక్కిన అక్షరాలుంటాయి, నంబరు, ర్యాంకు, పేరు. తోమిన కొద్దీ అరిగిపోతాయి. భూతద్దం పెట్టి కిటికీ దగ్గర పక్కవాటు వెలుతురులో చూడండి. ఏ పతకం దేనికన్నది తెలిస్తే ఆయన ఏ కాలంలో ఏ వైపు ఉన్నారో చాలావరకు చెప్పొచ్చు. 1965లో యుద్ధరంగంలో ఉన్నవాళ్లకు సమర సేవా స్టార్, ఆ సమయంలో సర్వీసులో ఉన్నవాళ్లకు రక్షా మెడల్. 1971లో అయితే తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, సర్వీసులో ఉన్నవాళ్లకు సంగ్రామ్ మెడల్. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు స్వాతంత్ర్య పాతికేళ్ల పతకం. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న పట్టీ ఉండి దానిమీద హిమాలయ అనో జమ్మూ కశ్మీర్ అనో ఉంటే ఆ ప్రాంతంలో చేశారన్నమాట. రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్ మాత్రమే ఉండి స్టార్ లేకపోతే "సరిహద్దులో పోరాడారు" అని రాయకండి. మా ఇంట్లో జరిగింది చెప్పాను కదా. ఎక్స్‌ఛేంజ్‌లో, స్టోర్లో, వర్క్‌షాపులో ఉన్నవాళ్లు లేకపోతే ముందున్నవాడికి తూటా చేరదు, మాటా చేరదు. ఆయన చేసిన పని పేరు అచ్చంగా రాయండి, అదే ఆయనకు గౌరవం.

ఉత్తరాలు ఉంటే చిరునామాలో "కేరాఫ్ 56 ఏపీఓ" అని ఉందా "99 ఏపీఓ" అని ఉందా చూడండి. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. 99 అంటే తూర్పు వైపు, 56 అంటే ఉత్తర, పడమటి వైపు. తపాలా ముద్ర తేదీ కలిపి చూసుకుంటే ఏ ఏడు ఎటున్నారో ఒక పట్టిక తయారవుతుంది. కానీ ఉత్తరాలు అమ్మగారివి. ఆవిడ చదివి ఇస్తేనే తీసుకోండి, వద్దన్నవి అడగకండి.

రేడియో వైపు వద్దాం. ఇక్కడ చాలామంది నిరాశ పడతారు, అందుకే ముందే చెప్తున్నాను. పాతికేళ్లు రోజూ మాట్లాడిన మనిషి గొంతు రేడియో దగ్గర గుట్టలుగా ఉంటుందనుకుంటారు. ఉండదు. అనౌన్సరు మాట నేరుగా గాలిలోకి పోయేదే. నాటకం, సంగీతం, ప్రసంగం టేపు మీద ఉంటాయి, వాటి ముందు "మీరు వింటున్నారు ఆకాశవాణి, హైదరాబాద్ కేంద్రం" అని చెప్పిన మాట టేపు మీద ఉండదు. పైగా టేపు ఖరీదైన వస్తువు, భద్రపరచాలని గుర్తు పెట్టినవి తప్ప మిగతావి తుడిచి మళ్లీ వాడేవాళ్లం. నా చేత్తో నేనే తుడిచాను, డబ్బాలకు డబ్బాలు. ఇప్పుడు మీలాంటివాళ్లు అడిగినప్పుడల్లా ఆ డబ్బాలే గుర్తొస్తాయి. అందుకే మీ ఇంట్లో ఉన్న ఆ ఏడు స్పూల్స్ చాలా విలువైనవి.

ఇంకెక్కడ దొరుకుతారు మీ నాన్నగారు? నాటకాల్లో చిన్న పాత్రలు వేశారేమో చూడండి, అనౌన్సర్ల చేత అన్నీ చేయించేవారు. రూపకాల్లో వ్యాఖ్యానం చెప్పి ఉంటారు. ఆయన చేరేనాటికి అనౌన్సర్లు స్టాఫ్ ఆర్టిస్టులు, అంటే కాంట్రాక్టు మీద ఉండేవాళ్లు, 1980లలో రెగ్యులర్ అయ్యారు. కాబట్టి సర్వీస్ బుక్ ఒక్కటే చూసి ఊరుకోకుండా పాత కాంట్రాక్టు కాగితాలు, ఆడిషన్ ఉత్తరం కూడా వెతకండి. శ్రోతల ఉత్తరాలు ఇంటికి వచ్చినవి ఉంటే బంగారం. రేడియో కార్యక్రమాల పక్షపత్రిక "వాణి" ఒకటి వచ్చేది, పాత గ్రంథాలయాల్లో బైండు చేసిన సంచికలు దొరికితే ఏ వారం ఏ కార్యక్రమం నడిచిందో తెలుస్తుంది. అన్నిటికంటే ముందు సహోద్యోగులు. తబలా వాయించినవాళ్లు, కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం పాత్రల మాటలు విని నవ్వు ఆపుకుంటూ కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజినీర్లు, డ్యూటీ వ్యాను నడిపినవాళ్లు. డ్రైవర్లను అసలు మర్చిపోవద్దు. తెల్లవారుజామున నాలుగున్నరకు సగం నిద్రలో ఉన్న అనౌన్సరును సైఫాబాద్ రేడియో స్టేషనుకు తీసుకెళ్లినవాడికి తెలిసినంత మనిషి గురించి స్టేషన్ డైరెక్టరుకు తెలియదు.

ఇప్పుడు టేపులు. ఎందుకు వేయొద్దన్నానంటే, ముప్పై నలభై ఏళ్లు కదలని టేపుకు మొదటిసారి తిప్పడమే చివరిసారి కావొచ్చు. 1970, 80ల నాటి టేపుల్లో కొన్నిటికి పూత పట్టి ఉంచే జిగురు మన గాలిలోని తేమకు మెత్తబడుతుంది. అలాంటిది మిషను మీద పెడితే కీచుమని అరుస్తుంది, గోధుమరంగు పూత మిషను హెడ్డు (టేపును చదివే భాగం) మీద ముద్దగా అంటుకుంటుంది. ఆ ముద్దే మీ నాన్నగారి గొంతు. దాన్ని ప్రత్యేకమైన ఓవెన్‌లో తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి అప్పుడు ఎక్కిస్తారు, తెలిసినవాళ్లే చేయాలి, ఇంటి ఓవెన్‌లో వద్దు. ఇంకా పాత టేపుకు వేరే జబ్బు. రీలును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వెలుగు లోపల్నుంచి కనిపిస్తే అది ఎసిటేట్ టేపు, ఎండిపోయి పుటుక్కున తెగుతుంది, వెనిగర్ వాసన కూడా రావొచ్చు. కనిపించకపోతే పాలియెస్టర్, అది తెగదు కానీ సాగుతుంది. తెల్లగా పొడిలా ఉంటే బూజు. దాన్ని ఊదకండి, తుడవకండి, ముక్కుకు మాస్కు పెట్టుకొని విడిగా కవర్లో పెట్టండి.

మీరిప్పుడు చేయాల్సినవి తక్కువే. రీళ్లను పుస్తకాల్లా నిలబెట్టండి. స్పీకర్లకు దూరంగా పెట్టండి. డబ్బా మీద ఉన్న రాతలన్నీ ఫోటో తీయండి. క్యాసెట్లకు పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున కూడా వాటి మీద రికార్డు కాకుండా. లోపల నొక్కి పట్టే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంటే టేపును కొత్త షెల్‌లోకి మార్పించుకోవచ్చు, ఇప్పటికీ కోఠిలో ఆ పని తెలిసిన పాత మెకానిక్కులు ఒకరిద్దరు ఉన్నారు. స్పూల్స్ మాత్రం ఎవరికిచ్చినా మీరు పక్కనే కూర్చోండి. డబ్బా వదిలేసి వచ్చి, నెల తర్వాత పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నవాళ్లకు అవతలివాళ్లు ఖాళీ అనుకొని వదిలేసిన భాగాలు రావు. వేవ్ (శబ్దం కుదించని) ఫైలుగా, 24 బిట్‌లో తీయమనండి. ఎంపీత్రీ పంచుకోవడానికి మాత్రమే. శబ్దం శుభ్రం చేయడం తర్వాత, అదీ కాపీ మీదే. మూడు కాపీలు మూడు ఇళ్లలో ఉండాలి. ఆకాశవాణిలో ప్రసారమైన కార్యక్రమాలు ఉంటే వాటి హక్కులు వాళ్లవి, ఇంట్లో వినడానికి ఉంచుకోండి, నెట్‌లో పెట్టకండి.

స్పూల్ టేపు వినేటప్పుడు ఒక చిత్రం గమనిస్తారు. చుట్టులు ఒకదాని మీద ఒకటి ఏళ్ల తరబడి ఉంటే ఒక చుట్టులోని శబ్దం పక్క చుట్టుకు సన్నగా అంటుకుంటుంది. దాంతో మాట వినపడే ముందు నిశ్శబ్దంలో అదే మాట ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఒకసారి వినిపిస్తుంది, ఆ తర్వాత అసలు మాట. సాంకేతికంగా అది లోపమే. కానీ నాన్న "ఆకాశవాణి" అనబోయే ముందు ఆయన గొంతే నీడలా అనడం విన్న ఒకబ్బాయి, దాన్ని తీసేయొద్దండీ అని నా చేయి పట్టుకున్నాడు. తీయించలేదు.

టేపును అటు చివర నుంచి ఇటు చివర దాకా, ఖాళీగా ఉన్నదంతా వినాలని నేను ఎందుకు పట్టుబడతానో కూడా చెప్పాలి. అందరి గొంతులూ గాలిలోకి పంపిన మా నాన్న గొంతు మా ఇంట్లో ఒక్క నిమిషం లేదు. ఆయన ఎప్పుడూ మిషను వెనకే. మా అక్క పెళ్లికి 1984లో ఎవరి దగ్గరో స్పూల్ రికార్డరు అడిగి తెచ్చి నాదస్వరం రికార్డు చేశారు. ఆ టేపు మేం పెళ్లి టేపు అనే పిలిచేవాళ్లం, నాదస్వరం అయిపోగానే ఆపేసేవాళ్లం. 2016లో ఫైలు చేయిస్తూ నేను ఆపలేదు, అలవాటు కొద్దీ చివరిదాకా పోనిచ్చాను. ఆరేడు నిమిషాలు ఉత్త హోరు. తర్వాత టక్ మని ఒక చప్పుడు, ఆ వెంటనే నాన్న. "హలో... ఒకటి, రెండు, మూడు... అమ్మాయ్, సూది ఎక్కడిదాకా కదులుతోంది?" మీటరు వైపు నేను చూస్తున్నాను కాబోలు, "సగం దాటట్లేదు నాన్నా" అని నా గొంతు. "అయితే ఇంకొంచెం దగ్గరికొస్తా" అన్నారు. మళ్లీ టక్. అంతే, పద్నాలుగు సెకన్లు. పాత టెస్టు మీద పెళ్లి రికార్డు చేశారు, ఈ చివరి ముక్క చెరగకుండా మిగిలింది. అమ్మకు వినిపిస్తే, "దగ్గరికొస్తా" దగ్గర ఆపి మళ్లీ వేయమంది. ఆ రోజు ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు.

పుస్తకం సంగతి ఎక్కువ చెప్పను, అది మీకే తెలుస్తుంది. అరవై డెబ్బై పేజీలు దాటొద్దు. ఫోటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించి, వెనక రాసింది కూడా స్కాన్ చేయించండి. ఎవరు చెప్పిన మాట వాళ్ల పేరుతో వాళ్ల మాటల్లోనే పెట్టండి, మీ భాషలోకి మార్చకండి. ఏ ఏళ్ల గురించి ఏమీ దొరకలేదో ఆ ఏళ్లు వేసి, ఈ కాలం సంగతి మాకు తెలియలేదు అని రాయండి. అది చదివిన ఏ పాత మిత్రుడో, ఆయన కొడుకో రేపు మీకు ఫోన్ చేయొచ్చు, అలా ఫోన్ వచ్చిన ఇళ్లు రెండు నాకు తెలుసు. సంవత్సరీకం నాటికి పూర్తికాకపోతే కంగారు పడకండి. ఆ రోజుకు అమ్మగారి మాటలు, ఆయన గొంతు ఉన్న ఒక్క ఫైలు సిద్ధమైతే, భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి వినిపించండి. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు "అది నాకు తెలుసు" అని మొదలుపెడతారు. ఫోన్ అప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

టేపు డబ్బాల ఫోటోలు ఇక్కడే పెట్టండి, కంపెనీ పేరు, రీలు సైజు కనపడేలా, వెనకవైపు కూడా. ఏది ముందు తీయించాలో, ఏది ఆరబెట్టాల్సి వస్తుందో చూసి చెప్తాను. వాటిలో పెన్సిల్‌తో అంకెలు రాసిన చీటీ ఏదైనా ఉంటే పారేయకండి, అది క్యూ షీటు ముక్క అయి ఉండొచ్చు.